నల్లచుక్క మెషీను పాడిన పదకొండు సెకన్లు

ఇరవై రెండేళ్ల పాటు ఆమె బాగుచేసిన ప్రతి వస్తువుకూ మెచ్చుకోలు ఆమె అన్నయ్యకే దక్కింది.

దుకాణం మేడమెట్ల కింద ఉంటుంది. ముందు గాజుపెట్టె, దాని వెనక అన్నయ్య, అన్నయ్య వెనక గళ్ల కర్టెను, కర్టెను వెనక ఆమె. రేడియోలు, టేప్‌రికార్డర్లు, టీవీకి తగిలించి ఆడే పాత వీడియో గేములు, ఏది వచ్చినా ఆమే విప్పుతుంది, ఆమే అతుకుతుంది, ఆమే బతికిస్తుంది. అన్నయ్య వాటిని మెత్తటి గుడ్డతో తుడిచి మనిషి చేతిలో పెడతాడు. "మీ చేతిలో ఏదో మహిమ ఉందండీ" అని ఎవరైనా అంటే మొహమాటంగా నవ్వేవాడే తప్ప కాదనేవాడు కాదు. కర్టెను కింద నుంచి కనిపించే చెప్పులు చూసి ఒకాయన "లోపల ఎవరండీ?" అని అడిగాడు. "మా చెల్లెలు. సర్దుతూ ఉంటుంది" అన్నాడు అన్నయ్య. కర్టెనుకి అవతల ఆమె అప్పుడు తల వెంట్రుక కన్నా సన్నటి తీగను చిప్పు కాలికి అతుకుతోంది. అతకడం పూర్తి చేసి ఉఫ్ అని ఊదింది.

ఆ వరస దుకాణాల వాళ్లకు మాత్రం అసలు సంగతి తెలుసు. తీగలు అతికే టంకం ఎప్పుడూ చేతిలో ఉంటుందని వాళ్లు ఆమెను 'టంకం అక్క' అంటారు. పక్క కొట్టులో తాళంచెవులు చేసే ఆవిడ ఓసారి నిలదీసింది కూడా. "ఏమమ్మా, పని నీది, పేరు ఆయనదీనా? నీకు నోరు లేదా?" టంకం అక్క నవ్వేసింది. "ఎవరు చేస్తే ఏంటి వదినా, పనిచేస్తోందిగా."

ఈ మాట మన ఇళ్లలో ఆడవాళ్ల నోట ఎంత తేలిగ్గా వస్తుందో, అవతలివాళ్లకు అంత తేలిగ్గా పనికొస్తుంది.

పాత గేము మెషీన్లంటే ఆమెకు ప్రాణం. ఆటలంటే కాదు. ఆటల్లో ఆమె జన్మకి రెండో మెట్టు దాటలేదు. ఆమెకు కావలసింది వాటి గొంతు. ఆ మెషీన్లలో పాటలు ముందే రికార్డు చేసి ఉండవు. లోపలి చిప్పు అప్పటికప్పుడు పాడుతుంది. పాపం, దానికి ఒకేసారి నాలుగైదు గొంతులకు మించి ఉండవు. రెండు కీచుమంటాయి, ఒకటి గుండ్రంగా మోగుతుంది, ఇంకొకటి రేకు మీద ఇసుక జల్లినట్టుంటుంది. వానైనా, యుద్ధమైనా, గెలుపైనా, చావైనా వాటితోనే పలికించుకోవాలి. "నలుగురినే పెట్టుకుని సైన్యం నడిపినట్టుంటుందే" అని మేనకోడలికి చెప్పేది. మేనకోడలంటే అన్నయ్య కూతురు, ఓ ఆసుపత్రిలో చీటీలు రాసే ఉద్యోగం చేస్తుంది.

టంకం అక్కకు ఒక పద్ధతి ఉంది. రిపేరుకు వచ్చిన గేము మెషీను బాగుపడ్డాక వెంటనే తిరిగి ఇవ్వదు. మూలనున్న పాత కంప్యూటరుకు తగిలిస్తుంది. దాని ఒక్కో శబ్దాన్నీ విడిగా, పైస్థాయి నుంచి కిందిస్థాయి దాకా రికార్డు చేస్తుంది. ఓ చీటీ మీద మెషీను రంగు, దానికి వచ్చిన జబ్బు, చేసిన వైద్యం రాసి డబ్బాలో వేస్తుంది. "ఈసారికి బతికింది. మళ్లీ కనిపిస్తుందో లేదో" అనేది. ఆ కంప్యూటరు కూడా మ్యూజియంలో ఉండాల్సినదే. కానీ ఆమె నమ్మే పాత సౌండ్ కార్డు పట్టేది దాంట్లోనే.

ఒకరోజు ఎవరో ప్లాస్టిక్ సంచిలో ఒక చవక నకలు మెషీను ఇచ్చి వెళ్లారు, మళ్లీ రాలేదు. విప్పితే చిప్పు ఉండాల్సిన చోట తారు ముద్దలాంటి నల్లటి చుక్క. చవక మెషీన్లలో అంతే, చిప్పును బోర్డుకే అతికించి పైన నల్ల జిగురు పోసేస్తారు. పాడైతే మార్చేదేమీ ఉండదు. దాన్ని నకలు కొట్టినవాళ్లెవరో ఒక తప్పు చేశారు. పల్చగా పలకాల్సిన గొంతును మందంగా, మందంగా పలకాల్సినదాన్ని పల్చగా మార్చేశారు. స్థాయి కూడా అసలుకన్నా పిసరంత తక్కువ. ఏడుపు అప్పుడే ఆపుకున్న మనిషి మాట్లాడినట్టు ఉండేది దాని గొంతు.

టంకం అక్క దానికి స్విచ్చులు బిగించి, కావలసిన స్వరం పలికేట్టు చేసుకుంది. పై నుంచి కిందికి మెట్లు దిగుతున్నట్టు పన్నెండు స్వరాలు వాయించింది. సరిగ్గా పదకొండు సెకన్లు. తొమ్మిదో సెకనులో ముందు గదిలో అన్నయ్య ట్యూబులైటు ఆపాడు. కరెంటు ఉలిక్కిపడి లైనులోంచి 'టప్' మని రికార్డింగులో పడింది.

"అన్నయ్యా! నీ స్విచ్చు నా పాటలో పడిందిరా!"

"పడితే పడనీవే. ఇన్నాళ్లూ నువ్వే వాయిస్తున్నావు. నాదీ ఒక దెబ్బ ఉండనీ."

మళ్లీ రికార్డు చేద్దామంటే మెషీను వేడెక్కి ఉంది. సరే, ఉండనీ అనుకుంది.

మేనకోడలు ఈ శబ్దాలన్నిటినీ ఇంటర్‌నెట్‌లో ఓ ఉచిత పేజీలో పెట్టింది. పైన అత్త చెప్పినట్టే రాసింది: 'ఎవరైనా వాడుకోండి. ఎక్కడిదో చెబితే చాలు.' ఏడాది తిరిగేసరికి రెండు వేలమందికి పైగా దింపుకున్నారు. ఎక్కడెక్కడి వాళ్లో ఉత్తరాలు రాశారు. చూపులేని ఒక లెక్కల మాస్టారు, చిన్నప్పుడు చెవులతోనే ఆట నేర్చుకున్నాడట, తన మెషీను గొంతు మళ్లీ విన్నానని రాశాడు. ఆ ఉత్తరం మేనకోడలు రెండుసార్లు చదివి వినిపించాల్సి వచ్చింది.

ఆ రోజుల్లోనే ఒక కీబోర్డాయన తన వాయిద్యం పాడైతే దుకాణానికి వచ్చాడు. పేరున్న ఓ సంగీత దర్శకుడి దగ్గర శబ్దాలు పేర్చే పని ఆయనది. ఇప్పుడు పాటలు కట్టేవాళ్లకు ఈ పాత గేముల గొంతులంటే మోజు. కోట్ల శబ్దాలు చేతిలో ఉన్నవాళ్లకు నాలుగు గొంతుల పేదరికం కొత్తగా వినిపిస్తుంది కాబోలు. కీబోర్డు బాగయ్యేదాకా కూర్చున్నాయన కర్టెను వెనక నుంచి నల్లచుక్క మెషీను వినపడగానే లేచి నిలబడ్డాడు.

"అక్కా, అదేంటది?"

"తప్పుగా పుట్టిన మెషీనులే నాయనా."

"శుభ్రమైన శబ్దాలు నాకు బోలెడు దొరుకుతాయక్కా. ఇలా జలుబు చేసిన గొంతు ఎక్కడ దొరుకుతుంది? ఇవ్వండక్కా, ప్లీజ్."

"తీసుకో. ఎక్కడిదని అడిగితే చెప్పు, అంతే."

"అయ్యో, చెప్పకుండా ఎలా ఉంటానక్కా!"

పెన్‌డ్రైవులో వేసి ఇచ్చింది.

రెండేళ్ల తర్వాత ఒక పాట ఊరినంతా ఊపేసింది. బస్సుల్లో అదే, ఫోన్లలో అదే. ఆ పాట మొదట్లో పదకొండు సెకన్ల పాటు ఇంకే వాయిద్యమూ లేదు. నల్లచుక్క మెషీను ఒక్కటే మెట్లు దిగుతుంది. తొమ్మిదో సెకనులో 'టప్'. జనం ఆ టప్ దగ్గర చిటిక వేయడం కూడా మొదలుపెట్టారు.

టంకం అక్క మొదటిసారి విని కోపం తెచ్చుకుందా? లేదు. మురిసిపోయింది. అన్నయ్య సంగతి చెప్పనే అక్కర్లేదు. దుకాణం ముందు చిటిక వేసుకుంటూ పోయే ప్రతివాడినీ చూసి "వీడు నా స్విచ్చుకే తాళం వేస్తున్నాడే!" అనేవాడు. మేనకోడలు మాత్రం పాట కింద పేర్లన్నీ వెతికింది. కట్టినవాళ్లు, రాసినవాళ్లు, పాడినవాళ్లు, చివరికి ఫొటో తీసినవాళ్లు కూడా ఉన్నారు.

"నీ పేరు లేదత్తా."

"ఎవరు చేస్తే ఏంటే, వినపడుతోందిగా."

ఆ ఏడాదే ఉచిత పేజీ నడిపేవాళ్లు దాన్ని మూసేశారు. దాని ఆనవాలు ఎక్కడా మిగల్లేదు. ఉత్తరాలు రాసినవాళ్ల చిరునామాలూ దాంతోపాటే పోయాయి. మేనకోడలు శబ్దాలన్నిటినీ వీడియోల సైటులో ఒక చానల్‌గా మళ్లీ ఎక్కించింది. నాలుగు వందల పన్నెండు మెషీన్ల గొంతులు. వాటిలో సగం మెషీన్లు ఇప్పుడు లోకంలో లేవు. చానల్ పెట్టిన కొన్నాళ్లకే నల్లచుక్క మెషీను కూడా ఒకరోజు గుర్రుమని ఆగిపోయింది. నల్ల జిగురు కింద ఏం తెగిందో చూసే దారి లేదు. ఆమె దాన్ని పారేయకుండా గుడ్డలో చుట్టి అలమరలో పెట్టింది.

తర్వాత మొదటి నోటీసు వచ్చింది. మేనకోడలు ఫోన్‌ను దగ్గరికి తెచ్చుకుని మళ్లీ మొదట్నుంచీ చదివింది.

"ఏమయిందే?"

"అత్తా, నువ్వు దొంగవట."

ఆ పాట హక్కులున్న సంగీత కంపెనీ తరఫున ఒక యంత్రం సైటులోని వీడియోలన్నిటినీ ఆ పాటతో పోల్చి చూస్తుంది. టంకం అక్క వీడియోలో వాళ్ల పాట మొదటి పదకొండు సెకన్లు ఉన్నాయని కనిపెట్టింది. సైటు లెక్క ప్రకారం పాట ముందు వచ్చింది, ఈవిడ వీడియో తర్వాత వచ్చింది. కాబట్టి కాపీ కొట్టింది ఈవిడే. మూడు నోటీసులయితే చానల్ మొత్తం చెరిపేస్తారు. ఆ గొంతు వినిపించిన వీడియోలు సరిగ్గా మూడున్నాయి. పది రోజుల్లో మూడు నోటీసులూ వచ్చాయి. జవాబుకు వారం గడువు.

జవాబంటే ఉత్తరం రాయడం కాదు. తెర మీద మూడు గడులు. 'అనుమతి ఉంది', 'నా సొంతం', 'పొరపాటున పెట్టాను'. నా సొంతం అనే గడి నొక్కారు. రెండు నిమిషాల్లో సమాధానం: 'మీ అభ్యంతరం హక్కుదారుకు పంపాం. హక్కుదారు అంగీకరించలేదు.' ఫిర్యాదు చేసినవాళ్లే తీర్పు కూడా చెప్పే ఏర్పాటు ఇది. దీన్ని న్యాయం అని పిలవడానికి ఎవరికి నోరు వచ్చిందో తెలియదు. అడుగున ఇంకొక వాక్యం ఉంది: 'తేదీతో సహా అసలు ఫైలు ఉంటే జతపరచవచ్చు.'

టంకం అక్క మొహం విప్పారింది. "అసలు ఫైళ్లు ఉన్నాయిగా! కంప్యూటర్లో ఒక్కటీ తీసేయలేదు నేను."

పాత కంప్యూటరు తెరిచారు. నాలుగు వందల పన్నెండు ఫైళ్లూ భద్రంగా ఉన్నాయి. మేనకోడలు తేదీల వరస చూసి నుదురు కొట్టుకుంది.

"అత్తా, ఈ నాలుగు వందల మెషీన్లూ ఒక్కరోజే రిపేరు చేశావా?"

"అదేంటే?"

"అన్నిటికీ జనవరి ఒకటే ఉంది. అదీ నేను పుట్టకముందు సంవత్సరం."

కంప్యూటరు ఆపినా తేదీ గుర్తుండటానికి లోపల బిళ్లంత సెల్లు ఒకటి ఉంటుంది. అది ఎన్నేళ్ల కిందట చచ్చిపోయిందో! ఎప్పుడు తెరిచినా ఆ డబ్బా తను పుట్టిన సంవత్సరానికే వెళ్లి కూర్చుంటుంది. గేము క్యాసెట్లలోనూ అలాంటి సెల్లే ఉంటుంది, ఆట ఎక్కడిదాకా వచ్చిందో గుర్తుపెట్టుకోవడానికి. అవి మార్చడంలో టంకం అక్క చెయ్యి తిరిగిన మనిషి. కొన్ని వేలు మార్చి ఉంటుంది. తన కంప్యూటరుకు మాత్రం మార్చలేదు. "శబ్దం తీసుకోవడానికి తేదీ ఎందుకనుకున్నానే" అంది. డబ్బాలో చీటీలన్నీ తిరగేసింది. జబ్బులు రాసి ఉన్నాయి, వైద్యాలు రాసి ఉన్నాయి, తేదీ ఒక్కదాని మీదా లేదు.

అయినా ఫైలు పంపారు. కంపెనీ జవాబు మర్యాదగా ఉంది: 'మీరు చెప్పిన సంవత్సరానికీ ఫైలు తేదీకీ పొంతన లేదు. తేదీలు మార్చినట్టు అనుమానించాల్సి వస్తోంది.' నిన్నటిదాకా దొంగ. ఇవాళ్టి నుంచి ఫోర్జరీ కూడా.

మర్నాడు అన్నాచెల్లెళ్లిద్దరూ కంపెనీ ఆఫీసుకు వెళ్లారు. నల్లచుక్క మెషీనును సంచిలో పెట్టుకుంది ఆమె. గుమ్మం దగ్గర కాపలా మనిషి సంచి తెరిపించాడు.

"ఇదేంటమ్మా?"

"గేము మెషీను."

"ఆడుకునేదా?"

"ఆడేది. చచ్చిపోయింది."

అతను ఆమెను ఎగాదిగా చూసి లోపలికి వదిలాడు. అద్దాల గదిలో రిసెప్షన్ అమ్మాయి కంప్యూటరు మీద నుంచి తల ఎత్తలేదు.

"అపాయింట్‌మెంట్ ఉందా అండీ?"

"లేదమ్మా. ఎవరి దగ్గర తీసుకోవాలి?"

"ఎవరిని కలవాలో మీరే చెప్పాలి."

"మాకు నోటీసు పంపినాయన్ని."

"నోటీసులు సిస్టమ్ పంపుతుందండీ. మనిషెవరూ పంపరు."

"ఆ సిస్టమ్‌ను చూసుకునే మనిషి ఉంటాడుగా?"

"అది ఇక్కడ కాదండీ. మెయిల్ చేయండి."

"మెయిల్ చేశామమ్మా. దానికీ ఆ సిస్టమే జవాబిచ్చింది."

"అయితే ప్రాసెస్‌లో ఉన్నట్టేనండీ."

అప్పటిదాకా గమ్మున ఉన్న అన్నయ్య ముందుకు వంగాడు. "అమ్మా, ఆ టప్ ఉంది చూశావా, జనం చిటికలు వేస్తారే, అది మా దుకాణంలో లైటు స్విచ్చు. ఆపింది నేను. ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతాను. వాయించింది ఈవిడ. అసలు మా దుకాణంలో అన్నీ బాగుచేసేది ఈవిడే. నేను తుడుస్తాను, అంతే." ఇరవై రెండేళ్లలో అతను ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. టంకం అక్క అన్నయ్య వైపు చూసింది. రిసెప్షన్ అమ్మాయి "పక్కకు జరుగుతారా అండీ, వెనక వాళ్లున్నారు" అంది.

ఆ అమ్మాయిని తిట్టి లాభం లేదు. ఆమె చేతిలో ఉన్నది ఫోను, నవ్వు, అంతే. ఇలాంటి కంపెనీలు ముందు గదిలో మనుషుల్ని పెట్టేది మనం ఇంకో గదిలోకి పోకుండా ఉండటానికే.

మిగిలింది కీబోర్డాయన. మేనకోడలు ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఐదో రోజు తనే వచ్చాడు. ఒక మీట ఇరుక్కుపోతోందని చేతిలో కీబోర్డు కూడా తెచ్చాడు. ఊరికే రావడానికి మొహం చెల్లలేదు కాబోలు.

"కాగితం మీద సంతకం పెట్టించుకున్నారక్కా. నేనిచ్చే ప్రతి శబ్దం నా సొంతమేనని. అందరి దగ్గరా పెట్టించుకుంటారు. ఇప్పుడు కాదంటే నేను అబద్ధం చెప్పినట్టు."

"చెప్పావుగా మరి" అంది మేనకోడలు.

"చెప్పానమ్మా. నా పేరు మాత్రం ఉందా ఆ పాట మీద? నోరు విప్పితే రేపట్నుంచి ఏ స్టూడియో వాడూ నన్ను గుమ్మం ఎక్కనివ్వడు. పిల్లలున్నారు."

"మా అత్తకు నాలుగు వందల మంది పిల్లలున్నారండీ. ఎల్లుండితో పోతారు."

టంకం అక్క మేనకోడలిని కళ్లతోనే ఆపింది. కీబోర్డు అందుకుని మర మేకులు విప్పింది. మీట కింద బిస్కెట్ ముక్క ఉంది. తీసి, తుడిచి, బిగించి ఇచ్చింది. బాగుచేయమని తెచ్చినదాన్ని వెనక్కి పంపడం ఆమెకు చేతకాదు. ఆయన "క్షమించక్కా" అన్నాడు. ఎవరు చేస్తే ఏంటి అనే మాట కోసం ఆమె అలవాటుగా నోరు తెరిచింది గానీ మాట రాలేదు.

ఏడో రోజు ఉదయం పదకొండింటికి గడువు తీరుతుందనగా ఆమె ఒక రేడియో ముందు కూర్చుని ఉంది. ఫోన్ గాజుపెట్టె మీద పెట్టి ముగ్గురూ చూస్తూ ఉన్నారు. చూడటం తప్ప చేయగలిగింది లేదు. పదకొండు దాటాక మేనకోడలు పేజీని మళ్లీ తెరిచింది. తెల్లటి తెర, మధ్యలో ఒక్క వాక్యం: 'ఈ చానల్ అందుబాటులో లేదు.' అన్నయ్య ఫోన్ తీసుకుని, గాజును గుడ్డతో తుడిచి, మళ్లీ చూశాడు. లేదు.

"లెక్కల మాస్టారికి ఎవరు చెప్తారే?" అని మాత్రం అడిగింది టంకం అక్క. బయట ఎవడో ఆ పాట పెట్టుకుని పోతున్నాడు. కాసేపటికి ఆమె రేడియోను తన వైపు లాక్కుంది కానీ, ఆ రోజంతా ఒక్క తీగ కూడా అతకలేదు.

చెరిపేసిన చానల్‌ను సైటు తొంభై రోజులు దాచి ఉంచుతుందట. పాట కంటే ముందు తేదీ ఉన్న ఫైలు, టంకం అక్క దగ్గరిది కాకుండా బయటివాళ్ల దగ్గర దొరికితే, ఆ గడువులోగా తిరిగి చూస్తారట. తొంభైలో ముప్ఫై ఒకటి అయిపోయాయి.

ఆ ఉచిత పేజీ ఉన్న రోజుల్లో రెండు వేలమందికి పైగా ఆ శబ్దాలు దింపుకున్నారు. ఇది చదువుతున్నవారిలో వాళ్లు ఒక్కరైనా ఉండవచ్చు, లేదా వాళ్లెవరో మీకు తెలిసి ఉండవచ్చు. దయచేసి పాత కంప్యూటర్లు, మూలన పడేసిన హార్డ్ డిస్కులు, డ్రాయరు అడుగున పెన్‌డ్రైవులు వెతకండి. ఫోల్డరు పేరు 'మెట్ల కింద శబ్దాలు'. నల్లచుక్క మెషీను ఫైలు నూట ఆరోది. దొరికితే దాన్ని తెరిచి మళ్లీ సేవ్ చేయకండి, తేదీ మారిపోతుంది. ఉన్నదున్నట్టు, తేదీ కనిపించేలా ఫొటో తీసి, ఈ పుస్తకం చివరి పేజీలోని ప్రచురణకర్తల చిరునామాకు ఫైలుతో సహా పంపండి. దొరకనివాళ్లు ఆ వీడియోల సైటుకు ఒక్క ఉత్తరం రాయండి: ఫిర్యాదును ఒక మనిషి విని తేల్చాలని, ఫిర్యాదు చేసినవాళ్లకే తీర్పు అప్పగించవద్దని. పాటలు కట్టేవాళ్లయితే ఈరోజే మీ దగ్గరున్న శబ్దాల జాబితా తీసి, ఏది ఎవరి చేతిలోంచి వచ్చిందో పక్కన రాయండి. రాసింది పాట కింద అచ్చు వేయించండి. ఇంకా యాభై తొమ్మిది రోజులున్నాయి.